అరవయ్యో కాపీ

జెరాక్స్ మెషిన్ వేడెక్కడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ లోపు దైవాశీర్వాదం గుమ్మం ముందు మంచు మీద ఉప్పు చల్లి, చేతులు కడుక్కుని, ట్రేలో కాగితాలు సర్ది వస్తాడు. అరవై రెండేళ్ళు, సన్నటి మనిషి. ఎన్ని గ్లౌజులు వేసినా కుడి బొటనవేలు చలికి పగులుతూనే ఉంటుంది. గుంటూరు మిషన్ ప్రెస్‌లో పద్దెనిమిదేళ్ళు సీసం అక్షరాలు ఏరిన వేలు అది. భార్య ప్రిస్సిల్లాకి నర్సు ఉద్యోగమొచ్చి కుటుంబమంతా మిషిగన్ చేరాక, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఈ యూదుల మందిరంలో కస్టోడియన్ అయ్యాడు. తుడవడం, కుర్చీలు వెయ్యడం, బల్బులు మార్చడం. ఇక్కడ ఆయన పేరు మిస్టర్ డి. పూర్తి పేరు పలకడానికి మొదటి వారం ముగ్గురు ప్రయత్నించారు. తర్వాత ఎవరూ రిస్క్ తీసుకోలేదు.

శుక్రవారం ఆయనకి ఇంకో పని ఉంటుంది. యూదులు తోరాని, అంటే మోషే అయిదు పుస్తకాలని, వారానికో భాగం చొప్పున ఏడాదంతా చదువుతారు. ఆ వారం భాగంలో మన సోమవారానికి పనికొచ్చేది ఏమిటో మిస్టర్ లుబిన్ ఒక పేజీ రాస్తాడు. కార్ల గేర్లు డిజైన్ చేసి రిటైరైన ముసలాయన, కంప్యూటర్ ముట్టడు. ఆయన పసుపు కాగితం మీద పెన్సిలుతో రాసిచ్చింది దైవాశీర్వాదం టైప్ చేసి అరవై కాపీలు తీస్తాడు. యాభై తొమ్మిది గుమ్మం దగ్గర బల్ల మీదికి. అరవయ్యోది, ఇంటికెళ్తూ లుబిన్ తలుపుకున్న ఉత్తరాల సందులోకి. పదకొండేళ్ళలో ఒక్క వారం తప్పలేదు.

"నోవహు ఓడకి కొలతలన్నీ ఉన్నాయి, స్టీరింగ్ మాత్రం లేదు" అని ఒక వారం. "తొంభై తొమ్మిదేళ్ళ అబ్రాహాము అతిథుల కోసం పరుగెత్తాడు, మీ ఫోన్ ఆరో రింగుకి వాయిస్ మెయిల్‌కి పోతుంది" అని ఇంకో వారం. తమ పాస్టరు గారు గంటన్నరలో చెప్పలేనిది ఈయన పేజీలో చెబుతాడని దైవాశీర్వాదం అభిప్రాయం. తెలుగు చర్చిలో ఎప్పుడూ పైకి అనలేదు.

మొదటి వారమే ఒక తప్పు చేశాడు. మసకగా వచ్చిన కాపీలు బయట చెత్తకుండీలో పడేశాడు. లుబిన్ కోటు కూడా వేసుకోకుండా వచ్చి, ఆయనతో కలిసి ఒక్కొక్కటీ ఏరాడు.

"పేజీ పైనున్న హీబ్రూ వచనంలో దేవుడి పేరుంది, మిస్టర్ డి. ఇది చెత్త కాదు. మనిషిని పాతిపెట్టినట్టు పాతిపెడతాం."

"మా ఊళ్ళో పాడైన బైబిల్ కాగితాల్లో పల్లీలు పొట్లం కడతారు సర్."

లుబిన్ మంచులో నిలబడి ఆలోచించాడు. "వేయించినవేనా?"

అప్పట్నుంచి మెషిన్ పక్కన ఒక అట్టపెట్టె. మిగిలిన కాపీలన్నీ అందులోకే. అది నిండాక, ఎవరినైనా సమాధి చేసే రోజు వాళ్ళ పక్కన పాతుతారు.

ఇది రెండువేల తొమ్మిది జనవరి. ఈ వారంతో మొదటి పుస్తకం ఆదికాండం అయిపోతుంది. ఐగుప్తులో, అంటే పరాయి దేశం ఈజిప్టులో, యాకోబు చనిపోయే భాగం. లుబిన్ కూడా మంచం మీదే ఉన్నాడు, డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేసి ఇంటికి పంపేశారు. "ఈ పుస్తకం పూర్తి చేసే పోతాను" అన్నాడు. కానీ గురువారం రావాల్సిన పసుపు కాగితం రాలేదు. శుక్రవారం సూర్యుడు కుంకితే యూదులకి విశ్రాంతి దినం, మందిరంలో మెషిన్ ముట్టకూడదు. ఐదింటిలోపు పేజీ రాకపోతే పుస్తకం చివర ఖాళీయే.

పక్క ఊరు నోవై నుంచి కూతురు నవోమి ఫోన్ చేసింది.

"నాన్నా, రోడ్లు ఘోరంగా ఉన్నాయి. సిక్ అని కాల్ చేసెయ్యొచ్చుగా?"

"పేజీ రాలేదమ్మా. వెళ్ళి తెచ్చుకోవాలి."

"నీకు జీతమిచ్చేది తుడవడానికి. ఎడిటర్ పోస్ట్ ఎప్పుడిచ్చారు?"

"స్టవ్ మీద టీ పొంగుతోంది తల్లీ, పెట్టేస్తున్నా," అన్నాడు, పార్కింగ్ లాట్‌లో కారు మీద మంచు గీకుతూ.

లుబిన్ కూతురు డెబ్రా తలుపు తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. హాల్లో ఆసుపత్రి మంచం. దుప్పటి మీద పసుపు కాగితం, దాని మీద ఒకే వాక్యం: నన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దని యాకోబు అన్నాడు. అక్కణ్ణుంచి పెన్సిలు గీత వంకరపోయి అంచు దాటింది.

"ఇక్కడే ఆగిపోయాను," అన్నాడు లుబిన్. గొంతు గాలిలా ఉంది. "పాఠం దొరకలేదు. నీకీ కథ తెలుసుగా, నువ్వు చెప్పు."

దైవాశీర్వాదం కుర్చీ అంచున కూర్చుని టోపీ తిప్పాడు.

"మా ప్రిస్సిల్లా పోయేముందు దీనికి రివర్స్ చెప్పింది సర్. నన్ను గుంటూరు తీసుకెళ్ళకండి, ఇక్కడే పెట్టండి అంది. రోడ్డు పక్కనే పెట్టమంది. నేను డ్యూటీ దిగి కారు ఆపుకోడానికి వీలుగా."

"ఆపుతావా?"

"మంగళవారం, శుక్రవారం. పార్కింగ్ బాగుంటుంది సర్."

లుబిన్ నవ్వబోతే దగ్గొచ్చింది. అది తగ్గేదాకా దైవాశీర్వాదం గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"రాసుకో. యాకోబు తనవాళ్ళున్న చోటికి వెళ్తానన్నాడు. ఆమె తనవాళ్ళున్న చోటే ఉంటానంది. ఇద్దరూ అడిగింది ఒకటే." కళ్ళు మూసుకున్నాడు. "ఆమె పేరు వెయ్యి. నాది ఎలాగూ ప్రతి వారం చూస్తున్నారు."

నాలుగు దాటింది. దైవాశీర్వాదం రెండు వేళ్ళతో టైప్ చేస్తున్నాడు. ఆఫీసు చూసే షెరిల్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"డెబ్రా కాల్ చేసింది. ఇందాకే అయిపోయిందట." తలుపు చట్రం పట్టుకుని, "ఈ వారం పేజీ వద్దులే మిస్టర్ డి. ఎవరూ ఏమీ అనుకోరు."

ఆయన స్క్రీన్ వంక చూశాడు. కర్సర్ ప్రిస్సిల్లా పేరు చివర కొట్టుకుంటోంది.

"ఇచ్చాడమ్మా," అన్నాడు. "ఆయన పేజీ ఇచ్చాడు."

పేజీ ప్రింట్ తీసి, జెరాక్స్ మెషిన్ పచ్చ బటన్ నొక్కాడు. షెరిల్ కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం సమాధి దగ్గరికి ఆ పెట్టె తీసుకురండి. ఆయన పక్కనే పెట్టమన్నారు మన మందిరం రబ్బీ."

యాభై తొమ్మిది బల్ల మీద పెట్టాడు. అరవయ్యోది మడిచి కవర్లో పెట్టి, పైన లుబిన్ అని రాసి, కోటు వేసుకుని, కారు తాళాలు తీసుకుని గుమ్మందాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. వెనక్కొచ్చి కవర్లోంచి కాగితం తీసి, పగిలిన బొటనవేలితో మడత సాపు చేశాడు. అట్టపెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాడు. మెషిన్ ఆపి వెళ్ళిపోయాడు. ఇవాళ శుక్రవారం, రోడ్డు పక్కన కారు ఆపే రోజు.

అప్పటికే నిండిపోయిన పెట్టెకి మూత సరిగ్గా పడలేదు. ఆ సందులోంచి అరవయ్యో కాపీ అంచు, చివరి వరుసలో ప్రిస్సిల్లా పేరు కనబడుతున్నాయి. కాగితం ఇంకా కాస్త వెచ్చగానే ఉంది.