చిరంజీవి సాంచలు

సాంచల మీద నుంచి కన్ను తీయొద్దని చిరంజీవికి నేర్పింది నేనే. సాంచలంటే మా మరమగ్గాలు. మూడేళ్ల కిందట సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, వడోద్ బస్తీలో నా గదిలోనే దిగాడు. "ఫోన్ పట్టుకున్నోడు సాంచ కాడికి రావొద్దు" అని నేను చేసిన బోధ బుద్ధిగా విని, రోజూ ఫోన్ గదిలోనే వదిలి వచ్చేవాడు. నాది మాత్రం జేబులోనే ఉండేది. బోధ చేసేవాడికి రూలెందుకు?

మా కార్ఖానాలో ఒకడు చాయ్‌కి వెళ్తే పక్కవాడు వాడి సాంచలు చూస్తాడు. అది మాలో మాకు ఉన్న మాట, సేఠ్‌కు చెప్పే పని లేదు.

మంగళవారం పొద్దున "చాయ్ తాగొస్త, జర సూడన్నా" అని చిరంజీవి వెళ్లాడు.

"పో, నేనున్న గద" అన్నాను.

ఉన్నాను, ఫోన్లో. ఎవడో కోడికూర వండుతున్న వీడియో. అది అయ్యాక ఇంకొకటి. నాకసలు వంటే రాదు. తలెత్తేసరికి వాడి మూడో సాంచలో పోగు తెగి, పక్క పోగుల్ని చుట్టుకుని, రెండు మీటర్ల బట్ట పాడైపోయింది.

ఆ నెలలో వాడికది రెండో డ్యామేజీ. సేఠ్ వచ్చి, సాంచలు ఎవరికి అప్పగించి పోయావని హిందీలో అడిగాడు. చిరంజీవి నావైపు చూడనైనా లేదు. ఎవరికీ చెప్పలేదన్నాడు. ఇంకొక్కటి పాడైతే ఊరికి టికెట్ కొనుక్కోమన్నాడు సేఠ్. నేను నా సాంచల్లో ఒకదాన్ని తుడుస్తూ నిలబడ్డాను. అది శుభ్రంగానే ఉంది.

మర్నాడు చాయ్ వేళకు వాడు నా దగ్గరికి వస్తాడనుకోలేదు. వచ్చి చెయ్యి చాపాడు.

"ఫోనియ్యే అన్నా. నేనొచ్చెదాకా నా కాడుంటది. సాంచలు జర సూడు."

అంటే నిన్ననే తెలుసు వాడికి. గొంతులో కోపం లేదు, తిట్టినా బాగుండేది. పిల్లల చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు మెల్లగా తీసుకుని వెళ్లాడు. నలభై ఆరేళ్లవాణ్ణి, సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

వాడి ఎనిమిది సాంచలూ, నా ఎనిమిదీ కన్నార్పకుండా చూశాను. వాడు తిరిగొచ్చి ఫోన్ ఇవ్వబోయాడు.

"ఉండనియ్యి. ఇప్పుడు నావి జర సూడు" అన్నాను.

"చాయ్‌కా అన్నా?"

"కాదు. సేఠ్ కాడికి."