పది రొట్టెముక్కలు

"కాళ్లెత్తండి," అన్నాను. వంటింట్లో కుర్చీ వేసుకుని చదువుకుంటున్న మా ఆయన యెకుతియేల్, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే రెండు కాళ్లూ గాల్లోకి లేపాడు. కింద తుడిచాను. "చేతులతో చేస్తే చాలదు త్సివియా. దేవుడి ఆజ్ఞని మనసుతో పాటించాలి. నువ్వు చేసేది ఉత్త పని," అన్నాడు కాళ్లు దించుకుంటూ.

ఒళ్లు మండిపోయింది. మా యూదుల పస్కా పండుగకి ఇంట్లో పులిసిన పిండి రవ్వంత కూడా మిగలకూడదు. నెల రోజులుగా, బళ్లో పాఠాలు చెప్పి వచ్చి, పిల్లల కోటు జేబులు తిరగేశాను, పొయ్యి ఊడదీసి గీకాను, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలు పుల్లతో శుభ్రం చేశాను. అప్పుడు దేవుణ్ణి తలచుకోలేదు, నిజమే. నడుం నొప్పినే తలచుకున్నాను. దేవుడు పిండి తియ్యమన్నాడు, తీశాను. ఏడుస్తూ తియ్యమని ఎక్కడా అనలేదు. "దీవెన చదివితే మావాడికి కళ్లు చెమరుస్తాయి. నీకెప్పుడైనా ఒక్క చుక్క రాలిందా అమ్మాయ్?" అంటుంది అత్తగారు. రాలింది అత్తయ్యా, ఉల్లిపాయలు తరిగినప్పుడు. పైకి మాత్రం అనలేదు.

పండుగ ముందు రోజు చీకటి పడగానే ఇంటాయన దీవెన చదివి, కొవ్వొత్తి పట్టుకుని, పులిసినదేమైనా మిగిలిందేమోనని ఇల్లంతా వెతకాలి. ఏమీ దొరక్కపోతే చదివిన దీవెన వృథా అని, ముందే పది రొట్టెముక్కలు కాగితాల్లో చుట్టి దాచిపెడతాం. ఏటా ఆయనకి శ్రమ లేకుండా కిటికీ గట్టు మీదా, పుస్తకాల అరలోనూ పెట్టేదాన్ని. వాటిని ఆచారం ప్రకారం ఈకతో చెక్క గరిటెలోకి తోసుకుంటూ ఆయన పరవశించిపోయేవాడు. ఈసారి ఒక్కటీ అక్కడ పెట్టలేదు.

వణికే గొంతుతో దీవెన చదివాడు. ఇక వెతకడం ముగిసేదాకా దాని గురించి తప్ప వేరే మాట ఆడకూడదు. నాకు హితబోధ తప్పింది! గట్టు చూశాడు, అర చూశాడు, పడగ్గది చూసొచ్చాడు.

"ఎక్కడ పెట్టావ్?"

"నెల రోజులూ నేనున్న చోట."

"చెప్పెయ్యవే, వాడు అలిసిపోతున్నాడు," అంది అత్తగారు.

పొయ్యి వెనక సందు చూపించాను. టోపీ తీసి పక్కన పెట్టి, ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"చెయ్యి దూరట్లేదు."

"నా చెయ్యి దూరింది."

ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. కాసేపటికి, చొక్కా చేతికి గోడ సున్నం అంటించుకుని, పాకుతూ నా దాకా వచ్చాడు. కుర్చీ కింద చూడాలన్నాడు.

రెండు కాళ్లూ గాల్లోకి ఎత్తాను.

"వెతకండి," అన్నాను, "మనసు పెట్టి."