సున్నా కిటికీ

ఆ ఫుట్‌బాల్ క్లబ్ మైదానానికి ఒక చివర, నాలుగు గుంజల మీద నిలబెట్టిన చెక్క గది ఒకటుంది. గది అన్నాం కదా అని గొప్పగా ఊహించుకోవద్దు. నిలబడితే నెత్తి తగులుతుంది, కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. దాని ముందువైపు రేకు కొట్టి, ఎడమ పక్క క్లబ్బు పేరు, కుడి పక్క ‘అతిథులు’ అని రాసి, ఒక్కో పేరు కింద ఒక్కో కిటికీ కోశారు. గోల్ పడగానే లోపలున్న మనిషి ఆ అంకె ఉన్న పలకను కిటికీకి తగిలించాలి. అదే స్కోరుబోర్డు. ఆ లోపలి మనిషి ఇరవై ఆరేళ్ళుగా ఒక్కడే.

ఒక్కో కిటికీకి విడిగా, ఒకటి నుంచి తొమ్మిది దాకా పలకలు ఉన్నాయి. సున్నాకు మాత్రం పలక లేదు. ఆ బోర్డు చేయించిన పెద్దమనిషి ఎవరో గానీ, ఏమీ లేదని చెప్పడానికి ఒక చెక్క దండగెందుకు అన్నాడట. కాబట్టి గోల్ పడనంతసేపూ కిటికీ తెరిచే ఉంటుంది. అందులోంచి మనవాడు తల బయటపెట్టి ఆట చూస్తుంటాడు. సొంత జట్టు గోల్స్ కొట్టే అలవాటు మానుకుని చాలా ఏళ్ళయింది కనుక, ఎడమ కిటికీలో ఆ మొహం ఏటేటా అలాగే కనబడుతూ వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు స్కోరెంత అని పక్కవాణ్ణి అడగరు. మొహం ఉందా లేదా అని చూసుకుని కూర్చుంటారు. అలా ఆయనకు సున్నా బాబాయ్ అనే పేరు స్థిరపడిపోయింది. మొదట్లో రోషం వచ్చేది. తర్వాత ఇంటి తలుపు కొట్టి “సున్నా బాబాయ్ ఉన్నారా?” అని అడిగితే భార్యే “ఉన్నారు, లోపలికి రండి” అనడం మొదలుపెట్టింది. ఇక రోషపడి లాభమేముంది?

క్లబ్బు ఆఖరుసారి కప్పు గెలిచిన మర్నాడే ఆయన ఈ ఉద్యోగంలో చేరాడు. మర్నాడు! ఒక్క రోజు ముందు చేరినా కప్పు చూసి ఉండేవాడు. “నువ్వొచ్చిన వేళావిశేషం” అని జనం ఆటపట్టిస్తుంటే నవ్వేవాడు గానీ, లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. పైగా ఈ సీజన్‌తో ఆయన ఉద్యోగం సరి. ఈలోపు తన జట్టు కప్పు ఎత్తడం ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కళ్ళారా చూడాలి. ఇంకే కోరికా లేదు.

ఇలాంటి కోరికలు తీరేటప్పుడే తమాషాలు చేస్తాయి.

ఆ ఏడు జట్టుకు కొత్త కెప్టెన్ వచ్చాడు. వారమంతా సిటీ బస్సు నడిపే మనిషి. ఆటగాళ్ళను కూడా బస్సులో ప్రయాణికుల్లాగే “ముందుకు జరగండి, ముందుకు జరగండి” అని అదిలిస్తుంటే, వాళ్ళు నిజంగానే ముందుకు జరిగి గోల్స్ కొట్టడం మొదలెట్టారు. మూడో ఆటలో మూడు గోల్స్ పడ్డాయి. బాబాయ్ ఆనందంతో మూడో పలక కోసం చెయ్యి చాచి, అలాగే ఉండిపోయాడు. మూడు లేదు. ఎలా ఉంటుంది? అతిథుల పలకలు వాడి వాడి అంచులు అరిగిపోతే, సొంత జట్టు పలకల్లో రెండు దాటినవన్నీ ఊరికే పడి ఉన్నాయని ఆయనే ఎప్పుడో ఇంటికి మోసుకుపోయాడు. మూడు నీళ్ళ డ్రమ్ముకు మూత అయింది. నాలుగు కుట్టుమిషను కాలి కింద ఎత్తుకు పనికొచ్చింది. మిగతావి ఏమయ్యాయో గుర్తులేదు, అడిగినవాళ్ళూ లేరు.

కంగారులో ఆయన రెండో పలక తగిలించి, దాని పక్కనే ఒకటో పలకను రేకు మేకుకు వేలాడదీశాడు. రెండూ ఒకటీ కలిపితే మూడే కదా అని ఆయన లెక్క. ఆ పూట జట్టు ఇరవై ఒక్క గోల్స్ కొట్టిందని ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఊరంతా చాటారు.

ఇంటికెళ్ళి డ్రమ్ము మూత తీయబోతే భార్య అడ్డం నిలబడింది.

“ఎక్కడికండీ అది?”

“మూడు గోల్స్ కొట్టారే మనవాళ్ళు!”

“కొడితే? నీళ్ళలో బల్లి పడితే మీ కెప్టెన్ వచ్చి తీస్తాడా?”

“మూడు కొట్టిన రోజు నేనే తెచ్చి తగిలిస్తానని అప్పుడు నువ్వే అన్నావు.”

“కొడతారని తెలిస్తే అంటానా?” అందావిడ. అయినా మాట మాటే అనుకుందేమో, మూత తుడిచి చేతికిచ్చి, డ్రమ్ము మీద పళ్ళెం బోర్లించింది. రెండు వారాలకు నాలుగో పలక కూడా వెళ్ళిపోయింది. అప్పట్నుంచి కుట్టుమిషను కుంటుతూ కుట్టింది.

జట్టు గెలుస్తూ పోయింది. అసలు చిక్కు అప్పుడు అర్థమైంది బాబాయ్‌కి. పాతికేళ్ళు ఓటములన్నీ విశాలమైన కిటికీలోంచి కళ్ళు కాయలు కాసేలా చూశాడు. ఇప్పుడు జట్టు మొదటి గోల్ కొట్టగానే పలక తగిలించాలి, కిటికీ మూసుకుపోతుంది. అతిథులకు గోల్ పడనంతసేపూ కుడి కిటికీకి పరిగెత్తి చూడొచ్చు. వాళ్ళూ ఒకటి కొట్టారంటే అదీ మూసుకుంటుంది, ఇక గదంతా చీకటి. దీపం కిందే చీకటి అంటారు చూడండి, ఊరందరికీ స్కోరు చెప్పే మనిషికి ఆట కనబడదు. అప్పుడు కింద నిలబడి ఉండే తోటమాలే దిక్కు. మైదానంలో గడ్డి కోసేదీ, గీతలు గీసేదీ అతనే. గోల్ పడితే గుంజ మీద కర్రతో కొడతాడు. మనవాళ్ళది ఒక దెబ్బ, అతిథులది రెండు, గోల్ రద్దయితే మూడు. ఒకసారి అలా మూడు దెబ్బలు పడి బాబాయ్ పలక తీయగానే, కిటికీలో ఆయన మొహం చూసి మైదానమంతా ఘొల్లుమంది. ఆ మొహం చూసి ఏడవడం వాళ్ళకు కొత్త కాదు గానీ, అంత గట్టిగా ఏడవడం అదే మొదలు.

ఆయన క్లబ్బు కార్యదర్శి దగ్గరికెళ్ళాడు.

“రేకుకి చిన్న చిల్లు పెట్టించండి సార్. ఒక్క కన్ను పట్టేంత చాలు.”

“ఇప్పుడే కొత్త రంగు వేయించాం బాబాయ్. చిల్లు పొడిస్తే అందం పోదూ? వచ్చే ఏడు ఎలాగూ మీకు విశ్రాంతే. దర్జాగా కుర్చీలో కూర్చుని చూద్దురు గానీ.”

“వచ్చే ఏడు ఏముంటుంది సార్ చూడ్డానికి? వీళ్ళు మళ్ళీ పాతికేళ్ళు పడుకుంటే?”

కార్యదర్శి నవ్వి టీ తెప్పించాడు. చిల్లు మాత్రం పెట్టించలేదు.

ఒక ఆటకు బావమరిదిని గదిలో కూర్చోబెట్టి తను జనంలో కూర్చున్నాడు. బావమరిది సగం ఆట నిద్రపోయి, తోటమాలి కర్ర దెబ్బకు ఉలిక్కిపడి లేచి, మనవాళ్ళ గోల్‌ను అతిథుల కింద తగిలించాడు. బాబాయ్ పంచె ఎగ్గట్టి మైదానం చుట్టూ పరిగెత్తాల్సి వచ్చింది. ఎవరి పని వాళ్ళు చేస్తేనే చెల్లుతుందని ఆ రోజే ఒట్టేసుకున్నాడు.

ఆఖరి ఆట వచ్చింది. సొంత మైదానమే. ఎదురుగా పట్టికలో రెండో స్థానంలో ఉన్న జట్టు. మనవాళ్ళకు సమంగా ముగిస్తే చాలు, కప్పు మనదే. ఓడితే వాళ్ళది. కప్పు తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద మెరుస్తోంది. బాబాయ్ ఎడమ కిటికీలోంచి దాన్ని చూసి, ఇంత చిన్నదా అనుకుని, వెంటనే లెంపలేసుకున్నాడు.

ఇరవయ్యో నిమిషంలో మనవాళ్ళు గోల్ కొట్టారు. అవతలివాళ్ళు అది చెల్లదని రిఫరీ చుట్టూ మూగారు. రిఫరీ వాళ్ళను తోసేసి చెల్లుతుందన్నాడు. అయినా వాళ్ళు ఊరుకోలేదు, విరామంలోనూ ఆయన వెంటపడి సణుగుతూనే ఉన్నారు. బాబాయ్ ఒకటో పలక తగిలించి కుడి కిటికీకి మారాడు. రెండో సగంలో అతిథులు ఒకటి కొట్టారు. తన చేత్తో తనే ఆ కిటికీ కూడా మూసేసి చీకట్లో కూర్చున్నాడు.

“ఏం జరుగుతోందిరా?” అని నేల చెక్కల సందులోంచి అరిచాడు.

“బంతి అటు పోయింది!” అన్నాడు తోటమాలి.

“ఎటు?”

“అటే!”

కాసేపటికి అదీ ఆగిపోయింది.

“ఒరేయ్, మాట్లాడవేం?”

“నా వల్ల కాదు బాబాయ్. గుండె ఆగిపోయేలా ఉంది. కళ్ళు మూసుకున్నా.”

చూసే వీలున్నవాడు కళ్ళు మూసుకున్నాడు! బాబాయ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఆరేళ్ళు ఆగాడు. ఇంకో పది నిమిషాల్లో అంతా అయిపోతుంది, తను మాత్రం పెట్టెలో ఎలుకలా కూర్చుని ఉండాలి. ఒక్క క్షణం చూస్తే కొంప మునగదులే అనుకున్నాడు. ఎడమ కిటికీ పలక తీసి తల బయటపెట్టాడు.

అప్పటిదాకా మనవాళ్ళు సమం చాలు కదా అని నిమ్మకు నీరెత్తినట్టు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు. ఉన్నట్టుండి జనంలో హాహాకారం లేచింది. కెప్టెన్ బోర్డు వైపు చూశాడు. ఒకటి ఉండాల్సిన చోట మొహం ఉంది. అవతలివాళ్ళ సణుగుడు ఫలించిందనీ, గోల్ రద్దయిందనీ అనుకున్నాడు.

“పోయిందిరా! ముందుకు! అందరూ ముందుకు!”

జట్టంతా ముందుకు దూసుకుపోయింది. అవతలివాళ్ళేమో తామే గెలుస్తున్నామని తబ్బిబ్బయి, ఇద్దరు అప్పుడే కావలించుకున్నారు కూడా. రిఫరీ ఆ గోలలో బంతినే చూస్తున్నాడు గానీ బోర్డు చూడలేదు. ఇదేమీ తెలియని బాబాయ్, ‘ఆహా, ఎంత కసిగా ఆడుతున్నారు!’ అని మురిసిపోతూ మోచేతులు కిటికీకి ఆనించాడు. పదేళ్ళుగా సగం గీత దాటి ఎరగని లావుపాటి డిఫెండర్ ఒకడు రొప్పుకుంటూ వచ్చి, తలకు తగిలిందో భుజానికి తగిలిందో తనకే తెలియకుండా, బంతిని వలలోకి పంపించాడు.

చూశాడు. కళ్ళారా చూశాడు. బాబాయ్ కిటికీలోంచి నడుందాకా బయటికొచ్చి చిన్నపిల్లాడిలా చేతులు ఊపాడు.

ఆ గోలకు కళ్ళు తెరిచిన తోటమాలి గుంజ మీద కర్రతో కొట్టాడు. “పలక! పలకేదీ బాబాయ్? నిన్ను చూసి గోల్ పోయిందనుకున్నారు అందరూ!”

బాబాయ్ గబగబా రెండో పలక తగిలించాడు. సున్నా నుంచి తిన్నగా రెండుకు ఎలా వెళ్ళిందో జనానికి అర్థం కాలేదు గానీ, వచ్చిన దాన్ని కాదనడానికి ఎవరూ సిద్ధంగా లేరు. మళ్ళీ చీకటి. ఆయన ఈసారి కదలకుండా కూర్చున్నాడు. ఒక తప్పు చాలు, కప్పు రాకపోతే ఊరొదిలి పోవాల్సిందే.

ఈల మోగింది. భూమి అదిరినట్టు కేకలు. గెలిచారు! నిచ్చెన దిగుదామని తలుపు తీస్తే నిచ్చెన లేదు. అభిమానులు గోల్ కర్ర ఎక్కడానికి దాన్ని ఎత్తుకుపోయారు. తోటమాలి కూడా వాళ్ళ వెనకే పోయాడు. తలుపు బయట చూస్తే గోడ, కిందకు చూస్తే రెండు నిలువుల ఎత్తు. అరిస్తే వినేవాడు లేడు. అవతల కప్పు ఇవ్వబోతున్నారని మైకులో చెబుతున్నారు.

బాబాయ్‌కి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. చెక్క మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఫోటోలు తీసేవరకూ స్కోరు కదపకూడదన్నది క్లబ్బు నియమం. ఇరవై ఆరేళ్ళలో, ఆ ఇందాకటి క్షణం తప్పిస్తే, నియమం తప్పింది లేదు. మైకులో కెప్టెన్‌ను పిలిచారు.

ఆయన రెండో పలక తీసి పక్కన పెట్టాడు.

మర్నాడు పత్రికలో ఆ ఫోటో వచ్చింది. ముందు కెప్టెన్ ఒక పక్కకు వంగి కప్పు ఎత్తి పట్టుకున్నాడు, చుట్టూ జట్టు, వెనక బోర్డు మీద మనవాళ్ళకు సున్నా, అతిథులకు ఒకటి. కార్యదర్శి తల పట్టుకుని బాబాయ్‌ని పిలిపించాడు.

“ఇదేంటి బాబాయ్? ఓడిపోయినవాళ్ళు కప్పు ఎత్తుకుపోతున్నట్టుంది! ఉన్నదే ఒక్క ఫోటో!”

అక్కడే ఉన్న కెప్టెన్ బస్సు తాళాలు చేతిలో ఆడిస్తూ నవ్వాడు.

“వదిలేయండి సార్. ఆయన మొహం కనబడకపోతే మేం చివరిదాకా నిద్రపోతూనే ఆడేవాళ్ళం. వాళ్ళు ఇంకొకటి కొట్టేవాళ్ళు. ఆ ఫోటో అలాగే పెట్టించండి.”

అలాగే పెట్టించారు, పెద్దది చేసి, అద్దం బిగించి, ఆఫీసు గదిలో. మూడూ నాలుగూ పలకలు భార్య తిరిగి తెచ్చుకుంది. డ్రమ్ముకు మూతా, మిషనుకు కాలూ వచ్చాయి. ఉద్యోగం అయిపోయాక కూడా బాబాయ్ వారానికోసారి ఆఫీసుకెళ్ళి ఆ ఫోటో ముందు నిలబడతాడు. ఒకసారి భార్య కూడా వెంట వెళ్ళింది. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“జట్టంతా కెమెరా వైపే చూస్తోంది కదండీ” అంది. “కప్పును చూస్తున్నది మీరొక్కరే.”