చప్పుడు తగ్గిందని సంబరం

నేను ఒక తలుపుని. రెండు రెక్కల తలుపుని. ముందు నా గోడు ఒకటి చెప్పుకోనివ్వండి. లోకంలో ఏ తలుపుకైనా మధ్యాహ్నం పూట కాస్త తెరిపి ఉంటుంది. భోజనాలయ్యాక గడియ పెట్టి ఇంటిల్లిపాదీ పడుకుంటారు. కిర్రుమంటే బందులో నూనెచుక్క వేస్తారు. నాకు అవేమీ లేవు. నిమిషానికి డెబ్బై ఎనభైసార్లు తెరుచుకోవాలి, మళ్లీ అన్నిసార్లూ మూసుకోవాలి. ఆదివారం లేదు, పండగ లేదు. ఈ ఇంట్లో కుక్కరుకి కూడా ఏకాదశినాడు సెలవుంది, నాకు లేదు.

నేనుండేది కాకినాడలో, ముత్యాలరావుగారి గుండెలో. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య నన్ను బిగించారు. రక్తాన్ని కిందికి వదలడం, వెనక్కి రాకుండా మూసుకోవడం, ఇదే నా ఉద్యోగం.

నన్ను సముద్రాల అవతల ఎక్కడో, ముఖాలకి గుడ్డలు కట్టుకున్న మనుషులు తయారుచేశారు. ఒళ్లంతా నల్లటి కర్బనం, నిగనిగలాడుతుంటాను. పెట్టెలో పెట్టేముందు భూతద్దంలో అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. బండి దగ్గర బెండకాయ కొస తుంచి చూసే ఇల్లాలు కూడా అంత అనుమానంగా చూడదు. తర్వాత చాలా చేతులు మారి ఒక ఆస్పత్రి అల్మైరాలో చేరాను. ఓ రోజు పెద్ద డాక్టరు చెయ్యి చాపి, "ఇరవై తొమ్మిది ఇవ్వండి," అన్నాడు. చెప్పుల కొట్లో అడిగినట్టే అడిగాడు. అలా వచ్చాను ముత్యాలరావుగారి ఒంట్లోకి. చిన్నతనంలో వచ్చిన కీళ్లజ్వరం ఆయన సొంత తలుపుని పాడుచేసిందట. నలభై ఆరో ఏట దాన్ని తీసేసి నన్ను కుట్టారు.

ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లో ఫ్రిజ్ నుంచి ఫ్యాను దాకా అన్నీ స్వదేశీ సరుకే కాబట్టి నా గురించి ఆయనకి మహా గర్వం. ఎవరొచ్చినా చొక్కా గుండీ విప్పి, "ఫారిన్ వాల్వండి," అనేవారు. కాఫీ తర్వాతే విప్పండని భార్య భ్రమరాంబగారు బతిమాలేవారు.

నేను మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటాను. పక్కనున్నవాళ్లకి వినబడుతుంది. మొదట్లో భ్రమరాంబగారికి నిద్రపట్టేది కాదు. "గోడ గడియారంతో కాపరం చేస్తున్నట్టుందండీ," అని విసుక్కునేవారు. సంతాపసభల్లో అందరూ రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంటే నేనొక్కదాన్నే మాట్లాడేదాన్ని. జనం ఎవరి చేతివాచీ వాళ్లు చూసుకునేవారు.

ఇప్పుడు అసలు సంగతి. నేనెంత నున్నగా ఉన్నా రక్తానికి పరాయిదాన్నే. అద్దెకొచ్చిన కొత్తవాళ్ల వంక అపార్టుమెంటు చూసినట్టు చూస్తుంది నన్ను. కాస్త సందు దొరికితే నా బందుల్లో చేరి గడ్డకడుతుంది. అలా కట్టకుండా ముత్యాలరావుగారు రోజూ సాయంత్రం ఒక చిన్న మాత్ర వేసుకుంటారు. రక్తం పలచన చేసే మాత్ర అంటారు గానీ అది నీళ్లు కలపదు. గడ్డకట్టించే సరుకు తయారయ్యేది కాలేయంలో. ఆ తయారీకి కె విటమిన్ అనే దినుసు కావాలి. ఒకసారి వాడిన దినుసుని కాలేయం బాగుచేసుకుని మళ్లీ వాడుతుంది. మాత్ర అక్కడ అడ్డం పడుతుంది. సరుకు తగ్గుతుంది, నా బందులు శుభ్రంగా ఉంటాయి. మాత్ర ఎక్కువైతే ఎక్కడో రక్తం కారుతుంది, తక్కువైతే గడ్డ. ఉప్పు లాంటి వ్యవహారం. అందుకే నెలనెలా రక్తం తీసి చూడాలి. రక్తం ఎంత నిదానంగా గడ్డకడుతుందో చెప్పే అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉంటే నేను క్షేమం, నాతోపాటు ఆయనా క్షేమం.

కొవ్వుకి ఇంకో మాత్ర ఉంది. రక్తంలో తిరిగే కొలెస్టరాల్ అనే కొవ్వు చాలావరకు తయారయ్యేదీ కాలేయంలోనే. ఆ మాత్ర వెళ్లి ఉత్పత్తి తగ్గిస్తుంది. ముత్యాలరావుగారు మాత్రం దాన్ని కాజాలకి అనుమతిపత్రం అనుకుంటారు. "మాత్ర వేసుకున్నాం కదటే," అని రెండోది తీసుకుంటారు.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు నిదానంగా చెప్పాడు. "ఆకుకూరలు మానక్కర్లేదు. కానీ ఎప్పుడూ తినేంతే తినండి, ఒక్కసారిగా పెంచకండి. కె విటమిన్ వాటిల్లోనే ఎక్కువ. పరీక్ష మానకండి. టిక్కుమనే చప్పుడు మందగిస్తే మాత్రం పరుగున రండి." దంపతులిద్దరూ బుద్ధిగా తలూపారు. లిఫ్టు కిందికి దిగేసరికి వాళ్ల దగ్గర మొదటి వాక్యం ఒక్కటే మిగిలింది.

పన్నెండేళ్లు బాగానే గడిచాయి. ఈమధ్య పై ఫ్లాటులోకి పేర్రాజుగారు దిగారు. ఆయన సలహా ఇవ్వని రోగం లేదు, ఆయన సలహాతో తగ్గిన రోగమూ లేదు. దిగిన నెలలోనే ఆయన మాట విని అపార్టుమెంటంతా రాగిచెంబు నీళ్లు తాగి ఒకేసారి డోకుకుంది. అయినా ఆయన పరపతి తగ్గలేదు. మునగాకు, పాలకూర, తోటకూర కలిపి రుబ్బిన పచ్చరసం ఆయన కొత్త మతం.

"రక్తం పలచనైపోయే మందు మింగుతున్నారాండీ?" పేర్రాజుగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "మరి రక్తం పట్టేది కూడా ఏదో ఒకటి పడాలి కదండీ లోపలికి! పొద్దున్నే ఓ పెద్ద గ్లాసుడు కొట్టండి. మునగాకండి బాబూ, ఇనపముక్కనైనా మెత్తబరిచేస్తుంది."

"డాక్టరుగారు కూడా ఆకుకూరలు మానొద్దన్నారండీ," అన్నారు భ్రమరాంబగారు సంతోషంగా.

ఆ మర్నాటి నుంచి మిక్సీ మోత మొదలైంది. మాత్ర ఒక్కపూట కూడా తప్పలేదు, ఆ విషయంలో ఆవిడ నిష్ఠాపరురాలు. సాయంత్రం మాత్ర కాలేయాన్ని ఆపేది. పొద్దున్నే పచ్చరసం వెళ్లి, ఇదిగో కొత్త దినుసు, కానివ్వమనేది. పరీక్ష చేయిస్తే అంకె ఆ గుట్టు బయటపెట్టేదే. కానీ కిందటిసారి మూడు వచ్చింది. "ఫస్టుక్లాసులో పాసైనవాడు నెలనెలా పరీక్ష రాస్తాడా?" అన్నారు ముత్యాలరావుగారు. మొదటి నెల మంగళవారమని ఆగారు, రెండో నెల గృహప్రవేశం వచ్చింది, మూడో నెల ఎవరికీ గుర్తేలేదు.

నాకు గుర్తుంది. ముందు నా ఎడమ బందులో సాలెపట్టులాంటి పొర కట్టింది. తర్వాత అది మీగడయింది. ఇప్పుడు జున్నుముక్క. ఆ రెక్క సగం తెరుచుకుని ఆగిపోతోంది. రెండో రెక్క ఇద్దరి చాకిరీ చేస్తోంది.

ఓ మధ్యాహ్నం భ్రమరాంబగారు సీరియల్ చూస్తూ ఉన్నట్టుండి, "ఏవండీ, ఓసారి టీవీ కట్టెయ్యండి," అన్నారు.

"ఎందుకే?"

"కట్టండి ముందు. ఇప్పుడు వినండి."

ఆయన చెవులు రిక్కించారు. "ఏమీ వినబట్టల్లేదే."

"అదేనండీ నే చెప్పేది! టిక్కుటిక్కు లేదు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడైనా డాక్టరు మాట గుర్తొస్తుందేమోనని నేను ఒంటిరెక్కతోనే ఆశపడ్డాను. భ్రమరాంబగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పన్నెండేళ్లకి నా మొర విన్నాడండీ స్వామి," అని దేవుడి గదిలోకి వెళ్లి కొబ్బరికాయ కొట్టారు. తర్వాత పేర్రాజుగారికి ఫోన్ చేశారు.

ఆ వారమే ఆఫీసులో సింహాద్రిగారని ఒకాయన పోయారు. పొద్దున ఆయాసంగా ఉందన్నారట, సాయంత్రానికి దండ వేసిన ఫొటో అయ్యారు. అందరూ లేచి మౌనం పాటించారు. ఈసారి నిజంగానే మౌనం. అంత నిశ్శబ్దంలో నేనెప్పుడూ పనిచెయ్యలేదు.

"ఏంటండీ రావుగారూ, గడియారం ఆగిపోయిందా?" పక్క సీటాయన గుసగుసగా అడిగాడు.

"ఆగలేదండి, బాగైంది. పాలకూర మహిమ," అన్నారు ముత్యాలరావుగారు. ఫొటోలోని సింహాద్రిగారొక్కరే ఆయన వంక తేరిపార చూస్తున్నారు. నలుగురు అక్కడికక్కడే రసం కొలతలు రాసుకున్నారు.

అప్పటి నుంచి ఆయనకి పడుకుంటే ఊపిరాడటం లేదు, రెండు తలగడలు వేసుకుంటున్నారు. కాళ్లు వాచాయి. చెప్పులు బిగుతయ్యాయని కొట్టువాణ్ణి తిట్టారు. ఆయాసానికి గ్యాసని పేరు పెట్టారు. ఈ ఊళ్లో మెడ నుంచి మోకాలి దాకా ఏమొచ్చినా గ్యాసే.

ఇవాళ డాబా మీద పేర్రాజుగారు సభ పెట్టారు. చప్పుడు తగ్గిన మనిషి స్వయంగా మాట్లాడతాడని వాట్సాప్‌లో వేశారు. లిఫ్టు నాలుగో అంతస్తు దాకానే. అక్కడి నుంచి మెట్లు. ముత్యాలరావుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. వెనకాల భ్రమరాంబగారు, చేతిలో పచ్చరసం జగ్గు. మలుపు దగ్గర ఆయన ఆగిపోయారు.

"అక్కడే నించుండిపోయారేంటండీ? మొహం అలా పాలిపోయిందేం?"

"ఏం లేదే. గ్యాసు."

"వద్దన్నా అన్ని పెసరట్లు తింటారు మరి!"

పైనుంచి పేర్రాజుగారి కేక. "రండి రండి రావుగారూ, అందరూ వచ్చేశారు! మైకు కూడా పెట్టించానండి!"

చదువుతున్న మహానుభావులారా, నాకో సలహా చెప్పండి. దణ్ణం పెడతాను. రెండు దారులే కనబడుతున్నాయి. ఇలాగే ఒంటిరెక్కతో లాగించాననుకోండి, నా బందులోంచి ఒక్క తునక ఊడినా నేరుగా మెదడుకే పోతుంది. అది ఊడకపోయినా రెండో రెక్క కూడా బిగుసుకుంటుంది, ఇవాళో రేపో. ఇక రెండో దారి, ఒక్క క్షణం నేనే మూసుకుని ఊరుకుంటే? ఆయన తూలి కూలబడతారు, జనం హడలిపోయి ఆస్పత్రికి మోసుకుపోతారు. అక్కడ గడ్డని కరిగించే మందు ఉంది, లేకపోతే మళ్లీ కోసి శుభ్రం చేస్తారు. బతుకుతారు. కానీ ఇవి సిమెంటు మెట్లు. తల వెనక్కి పడితే? ఒక్క క్షణమనుకున్నది రెండయి, నా రెక్క మళ్లీ తెరుచుకోకపోతే? పైగా స్పృహ తప్పినవాడి నోట్లో పేర్రాజుగారు ముందుగా ఏం పోస్తారో నాకు తెలుసు.

మూసుకోమంటారా, నడిపించమంటారా? మీ ఇంట్లో గుండెజబ్బు వాళ్లుండే ఉంటారు, మీకు తెలుస్తుంది. పెద్దవాళ్లని అడిగి సాయంత్రం చెప్తామనకండి. ఆయన గోడ పట్టుకున్నారు. చెమట కారుతోంది. భ్రమరాంబగారు కొంగుతో తుడుస్తూ, "కాస్త గుక్కెడు తాగండి, ఓపికొస్తుంది," అంటున్నారు.

తొందరగా చెప్పండి బాబూ. తాగేసి మళ్లీ కాలెత్తారు.