పడుగు కట్టిన నిట్రాడు

ధర్మవరంలో బోదకొట్టాన్ని మోసేది గోడలు కాదు. గోడలు ఉత్త మట్టి. నడిమధ్యన పాతిన నిట్రాడు దూలాన్ని మోస్తుంది, దూలం వాసాలను, వాసాలు బోదగడ్డిని. కొట్టమంటే అంతే. నేతగాడు లింగప్ప కొట్టంలో ఆ కంబం వాళ్ల తాత నాటింది. లింగప్ప భార్య ఓబులమ్మ శుక్రవారం తప్పకుండా దానికి ఎర్రమన్ను పూసి, పసుపు రాసి, బొట్టు పెట్టి మొక్కేది. మొక్కిన కొయ్యను గోరుతో గీకి చూసేదెవరు? ఆ పూత కిందనే చెదలు నిమ్మళంగా తిన్నాయి.

దొరల యుద్ధం నడుస్తున్న ఆ ఏడు ముసురు విడవలేదు. బోద నాని బరువెక్కింది. దూలం కుంగింది. వడ్రంగి వెంకటప్ప వచ్చి కంబానికి ఉలి ఆనిస్తే పిడిదాకా దిగింది.

"ఏమప్పా లింగప్పా, ఇది కంబం కాదు, పుట్ట. పాలు పోసేది ఒకటే తక్కువ."

"మార్చు మరి."

"కొయ్య యాడిది? ముదిగుబ్బ అడివంతా దండుకు పోతాండాది. బోద పీకేయ్, బరువు తగ్గుతాది."

"పట్టు మీద వాన పడితే? పట్టు నాది కాదబ్బా, షావుకారుది."

"అట్లయితే ఊతకొయ్య పెడతా. మొద్దొకటి ఉండాది."

ఊత దూలం నడుమకే పెట్టాలి. సరిగ్గా ఆడనే మగ్గం మీది చీర పడుగు, నిలువు పోగులన్నీ, పరుచుకొని ఉంది. ఊత పెట్టాలంటే పడుగు కోయాలి, కోస్తే చీర పోయినట్టే.

"మోకు విప్పి పక్కకు తిప్పుకోరాదా?" అంది ఓబులమ్మ. పడుగు కొసను మోకుతో నిట్రాటికే బిగించారు.

"దేనికి కట్టేది? మట్టిగోడకు కడితే గోడే ఊడొస్తాది," అన్నాడు లింగప్ప.

దొరల బంగళాలకు టేకు దొరుకుతుంది. చీర నేసేవాడి కొంపకు తుమ్మమొద్దు దొరికినా పెట్టే చోటు లేదు. వెంకటప్ప మొద్దును వాకిట పడేసి, చీర దిగినాక పిలవమని చెప్పి పోయాడు.

చీరలో నేయాల్సింది కొంగు ఒకటే మిగిలింది. లింగప్ప మగ్గం గుంతలోకి కాళ్లు దించాడు. ఓబులమ్మ నిట్రాటికి వీపు ఆనించి నిలబడింది.

"నీ వీపుకు ఆగుతాదా అది?"

"ఇంకెవరి వీపుండాది ఈడ? నేయి."

నేత బిగిసేలా పలక కొట్టిన ప్రతిసారీ మోకు గుంజింది. కంబం ఆమె వీపు మీద వణికింది.

"మెల్లగ కొట్టు."

"మెల్లగ కొడితే నేత పలచనైతాది. షావుకారు తీసుకోడు."

"అయితే కొట్టుకో."

కొట్టాడు. పైనుంచి చెదలమన్ను జారి ఆమె మెడ మీద పడింది. అడ్డపోగు నాడె విసరబోయిన లింగప్ప చెయ్యి ఆగిపోయింది.

"ఆపితే మాత్రం ఏం నిలబడతాది?" అంది ఓబులమ్మ, కళ్లు మూసుకొని.

అతను నాడె విసిరాడు.