నాలుగో గంట

నేను ఒక డయాలిసిస్ యంత్రాన్ని. మూత్రపిండాలు పనిమానేసిన మనిషి పక్కన నిలబడి, ఒక గొట్టంలోంచి నెత్తురు తీసుకుని, శుభ్రం చేసి, ఇంకో గొట్టంలోంచి తిరిగి ఇస్తాను. ఎక్కడో చలిదేశంలో, తెల్లటి తొడుగులు వేసుకున్న చేతులు నన్ను బిగించాయి. ఓడలో విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి లారీలో శ్రీకాకుళానికి వచ్చి, ఒక ప్రైవేటు ఆసుపత్రి పై అంతస్తులో కిటికీ పక్కన నిలబడ్డాను. నన్ను దించిన రోజున కొబ్బరికాయ కొట్టి, నెత్తిన కుంకుమ పెట్టి దణ్ణం పెట్టారు. తర్వాత నా మాన్యువల్‌ని మాత్రం ఎవరూ తెరవలేదు. మనుషులంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో దాలమ్మ ఒకామె. ఉద్దానం వైపు పల్లె. జీడిపిక్కలు వలిచి వలిచి వేళ్లు నల్లబడిపోయాయి. బస్సు దిగి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, మంచం మీద కూర్చోగానే గేదెను నిమిరినట్టు నా పక్కన ఒకసారి నిమిరేది.

ఆమెను చూసే డాక్టర్ పట్నాయక్ నెమ్మదైన మనిషి. ఎవరికి ఎంతసేపు డయాలిసిస్ కావాలో ఆయనే నిర్ణయించేవాడు. దాలమ్మకు నాలుగు గంటలు. అందులో వాదనకు తావుండేది కాదు.

ఆసుపత్రిని ఒక కంపెనీ కొన్నాక శశిధర్ అనే మేనేజరు వచ్చాడు. అందరినీ పేరు పెట్టి పలకరించే చిరునవ్వు మనిషి. ఒకరోజు నా మీద చెయ్యి ఆనించి పట్నాయక్‌తో అన్నాడు.

"సర్, మూడు గంటలకు కుదిస్తే రోజుకి ఇంకో బ్యాచ్ పడుతుంది. బయట ఎంతమంది వెయిట్ చేస్తున్నారో చూడండి."

"కొందరికి మూడు గంటలు చాలవండి. ఒంట్లో నీరు ఉండిపోతుంది."

"మిగతా డాక్టర్లందరూ కొత్త పద్ధతులకి సరేనన్నారు సర్. మీరొక్కరే మిగిలారు."

ఒక్కరే అన్న మాట దగ్గర పట్నాయక్ ఆగిపోయాడు. ఆయన కాంట్రాక్టు గడువు దగ్గరపడింది. మర్నాడు టెక్నీషియన్‌ను పక్కకు పంపి, తనే నా బొత్తాలు నొక్కి ఒక గంట తగ్గించాడు. ఆ వేళ్లు నాకు చల్లగా తగిలాయి.

"ఏటి బాబూ, అప్పుడే అయిపోనాదా?" అని దాలమ్మ అడిగింది.

"కొత్త ఫిల్టర్ వచ్చింది దాలమ్మా. తొందరగా అయిపోతుంది."

కొత్త ఫిల్టరేమీ రాలేదు. దాలమ్మ సంబరపడింది. ముందు బస్సు అందుతుందని, ఇంటికెళ్లి వంట చేసుకోవచ్చని. ఊళ్లో అందరికీ చెప్పింది. విశాఖ వెళ్లి డయాలిసిస్ చేయించుకుంటున్న ఆమె చెల్లెలి కోడలు రుప్పమ్మ కూడా ఆ మాట నమ్మి ఇక్కడికే మారింది.

నెల తిరక్కుండానే దాలమ్మ కాళ్లు ఉబ్బాయి. ముఖం ఉబ్బింది. బరువు చూసిన పట్నాయక్ వార్డులో అందరి ముందూ గట్టిగా అన్నాడు: "ఇన్ని నీళ్లు తాగితే నేనేం చెయ్యను? చెప్పిన మాట వినాలి కదా!"

"నేదు బాబూ. గ్లాసుడే తాగినాను. నోరెండిపోతే తడిగుడ్డ పెదాలకి రాసుకున్నాను. ఒట్టు."

పక్క మంచాలవాళ్లు ఆమె వంక అనుమానంగా చూశారు. దాలమ్మ తల దించుకుంది. ఆమె ఒంట్లో నీరు ఎవరి వల్ల ఉండిపోయిందో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరికి నోరుంది, మాట్లాడలేదు. నాకు నోరు లేదు. యంత్రానికి సిగ్గేమిటని మీరనవచ్చు. ఆ పూట మాత్రం నా గొట్టాల్లో పారుతున్న ఆమె నెత్తురు నన్ను కాల్చింది.

మరుసటి వారం ఒక మధ్యాహ్నం దాలమ్మను స్ట్రెచర్ మీద తెచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, గాలికోసం నోరు తెరిచి కొట్టుకుంటోంది. క్యాజువాలిటీ డాక్టర్ మృణాళిని ఆక్సిజన్ పట్టుకుని పక్కనే పరుగెత్తుకొచ్చింది. పట్నాయక్ నన్ను తగిలించాడు. చాలాసేపటికి దాలమ్మ ఊపిరి కుదుటపడి కునుకు పట్టింది. అప్పుడు మృణాళిని గొంతు తగ్గించి అడిగింది.

"ఈమెకి టైమెందుకు తగ్గించారు సర్?"

"మీరందరూ కొత్త పద్ధతులకి ఒప్పుకున్నారని శశిధర్ చెప్పారు."

మృణాళిని ముఖం పాలిపోయింది. "క్యాజువాలిటీకి వచ్చినవాళ్లని అవసరం లేకపోయినా ఐసీయూలో చేర్చమని నాకూ ఆయనే చెప్పారు సర్. నేను కాదన్నాను. 'పట్నాయక్ గారంతటివారే సరేనన్నారు, మీదేముంది' అన్నారు. దాంతో నేనూ తలూపాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక నా తెర వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆదివారం మా గదికి సెలవు. ఆ మధ్యాహ్నం డాక్టర్లు ఒక్కొక్కరే వచ్చి మంచాల మీద కూర్చున్నారు. సర్జన్, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్, ఇంకా కొందరు. పట్నాయక్ దాలమ్మ సంగతి చెప్పాక, పిల్లల డాక్టర్ తను రాసిన అక్కర్లేని పరీక్షల గురించి చెప్పాడు. అలా అందరూ. గొప్ప పోరాటాలు నినాదాలతో మొదలవుతాయని విన్నాను. ఇది తలలు దించుకోవడంతో మొదలైంది.

"సమ్మె చేద్దాం," అన్నాడు సర్జన్.

"మంచం మీదున్నవాళ్లనేం చేస్తాం?" అంది మృణాళిని. "పని ఆపొద్దు. ఏ రోగికి ఏ వైద్యమో డాక్టరే నిర్ణయించాలి. ఆ ఒక్క మాట మీద అందరం నిలబడదాం. ఒకరిని తీసేస్తే అందరం పోదాం. కానీ ముందు రోగులకి నిజం చెప్పాలి."

ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు సరేనన్నారు.

మర్నాడు పట్నాయక్ దాలమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "కొత్త ఫిల్టరేం రాలేదు దాలమ్మా. నీకు గంట తగ్గించాను. నీళ్లు తాగావని ఊరికే తిట్టాను. తప్పు నాది."

ఆమె ఉబ్బిన కాళ్ల మీదికి దుప్పటి లాక్కుంది.

"నన్ను తిట్టినందుకేటి నేదు బాబూ. నా మాటిని మా రుప్పమ్మ విశాఖ మానీసి వొచ్చీసినాది. దానికి నానేటని సెప్పాల?"

ఆయన రుప్పమ్మ నంబరు అడిగి రాసుకున్నాడు.

ఈ సంగతి తెలిసి శశిధర్ పట్నాయక్‌ను పిలిపించాడు. డాక్టర్లందరూ కలిసి వెళ్లారు. అతను ఒక్కొక్కరినీ విడిగా రమ్మన్నాడట. "విడిగా పిలవబట్టే ఇంతదాకా వచ్చింది, ఇక కలిసే వస్తాం," అందట మృణాళిని. కంపెనీవాళ్లు బెదిరించారు, బుజ్జగించారు, చివరికి దిగివచ్చారు. వైద్యం విషయం డాక్టర్ల కమిటీదే అని ఒప్పుకున్నారు. నాలుగో గంట తిరిగి వచ్చింది. కొన్నాళ్లకు కంపెనీ మృణాళిని కాంట్రాక్టును పొడిగించలేదు. అందరం పోదామన్నవాళ్లంతా రాజీనామాలు పట్టుకుని వెళ్లి నిలబడితే, ఆమెను మళ్లీ తీసుకున్నారు. రుప్పమ్మ మాత్రం విశాఖకే వెళ్లిపోయింది. పట్నాయక్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇప్పుడు నేను పాతబడి ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఉన్నాను. నా పంపు ఒక యంత్రానికి, తెర ఇంకో యంత్రానికి అమర్చారు. నా దగ్గర మిగిలింది ఆ గది జ్ఞాపకమే. ఆ తర్వాత దాలమ్మ ప్రతిసారీ అడిగేది, "ఎంతసేపు ఎట్టినారు బాబూ?" అని. పట్నాయక్ ప్రతిసారీ తెర ఆమె వైపు తిప్పి చూపించేవాడు. విసుక్కోలేదు.

ఒకరోజు పక్క మంచం మీదికి కొత్తగా ఒకతను వచ్చాడు. భయంతో అన్నింటికీ తలూపుతున్నాడు. దాలమ్మ అతని వైపు తిరిగి, "అడుగు నాయనా. బయమెందుకు? ఈ బాబు అడిగితే సెప్తాడు," అంది.

ఆ మాట విని పట్నాయక్ కిటికీ వైపు తిరిగాడు. కళ్లద్దాలు తీసి, కోటు అంచుతో చాలాసేపు తుడుచుకుంటూ ఉండిపోయాడు.