చల్లార్చిన టీ

అప్పడాల కర్రతో మరో రెండు దెబ్బలు వేసేసరికి గుడ్డలోని యాలకులు చితికిన చప్పుడు మారింది. మార్లీన్ గుడ్డ విప్పి చూసింది. లవంగాలు, మిరియాలు, దాల్చినచెక్క పలుకుపలుకుగా నలిగాయి. ఇంతకన్నా మెత్తబడితే టీ బురదవుతుంది. వాటిని మరుగుతున్న నీళ్ళలోకి దులిపి, తురిమిన అల్లం వేసి, గిన్నె మీద మూత ఓరగా పెట్టింది. తెల్లారి ఎంతోసేపు కాలేదు. అప్పుడే వంటింటి కిటికీ అద్దం చురుక్కుమంటోంది. లీడ్స్ పక్కనున్న ఈ బాట్లీ ఊళ్ళో జూలై నెల ఇలా కాల్చడం ఆమె ఎరిగినంతలో తక్కువ.

మేడమీద అన్న నెవిల్ దగ్గాడు. తర్వాత మెట్లు దిగడం మొదలైంది. మెట్టుకో మూలుగు లేకుండా దిగితే ఎవరో దొంగ అనుకోవాలి.

"మళ్ళీ ఆ గుర్రాల మందు కాస్తున్నావా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"నీకు కాదులే. నీ టీ అక్కడ పెట్టా, తాగు."

"టీ అంటే ఇదీ. నాలిక కాలాలి. చల్లారిన టీని అమ్మ ఏం చేసేది? సింకులో పారబోసేది. నువ్వేమో పనిగట్టుకుని చల్లార్చి, ఐసు ముక్కలేసుకు మరీ తాగుతావు. మన ఇంటా వంటా లేదే ఈ పిచ్చి."

"ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి."

నెవిల్ చిన్నగా నవ్వి కుర్చీలో కూలబడ్డాడు. బస్సు నడిపి నడిపి అతని వీపు కుర్చీ ఆకారానికి వచ్చేసింది. ఆ వీపు చూస్తూ, ఇప్పుడే చెప్పేద్దాం అనుకుంది మార్లీన్. రేపు ఉదయం ఆమె వెళ్ళిపోతోంది. ఫైలీలో సముద్రం ఒడ్డున చిన్న అతిథిగృహం. అక్కడ పడకలు సర్దే పని, ఉండటానికి నీళ్ళ వైపు కిటికీ ఉన్న గది. పెట్టె సర్ది మంచం కిందికి తోసేసింది కూడా. ఈ సంగతి ఇంట్లో ఉన్న రెండో మనిషికి తెలియదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా వేరే మాటేదో వచ్చేస్తోంది.

టీ ఆకు గుప్పెడు వేసి, రంగు నల్లబారేదాకా ఉంచి, చక్కెర కలిపి జాడీలోకి వడకట్టింది. ఐసు కరిగాక పలచబడుతుంది కనక మామూలుకి రెండింతలు చిక్కగా కాచాలి. ఈ కిటుకు తెలియడానికి ఎన్ని గ్లాసులు పాడుచేసుకుందో! ఒకసారి లీడ్స్ స్టేషన్లో ఇలాంటి చల్లటి టీ కొనుక్కుని తాగింది. ఏళ్ళ తరబడి లాండ్రీ ఆవిరి పీల్చిన గొంతు మీంచి ఆ చల్లదనం, ఆ ఘాటూ కలిసి దిగుతుంటే నడుస్తున్నదల్లా ఆగిపోయింది. అప్పట్నించీ ఇంట్లోనే. రోజంతా పడ్డ చాకిరీలో తన కోసం చేసుకునేది ఆ ఒక్క గ్లాసే.

జాడీ చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టింది. మధ్య అరలో నెవిల్ సాయంత్రం తిండి మూతపెట్టి ఉంచింది. సాసేజీలు, మెదిపిన బంగాళాదుంపలు. ఏదో మరిచిపోయాననిపించింది కానీ అదేమిటో తట్టలేదు. బస్సుకి వేళయిపోయింది.

లాండ్రీలో ఇస్త్రీ యంత్రం పెద్ద రోలర్లు అప్పటికే బుసకొడుతున్నాయి. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు. ఒక కొస మార్లీన్, అవతలి కొస హలీమా. ఇద్దరూ మూలలు పట్టి లాగి, దులిపి, రోలర్ నోటికి అందించాలి. తొందరపడితే వేళ్ళు కాలతాయి. మార్లీన్ ముంజేతుల మీద పాత వాతలు గాజులు తొడిగినట్టు వరసగా ఉంటాయి.

"చెప్పావా?" అంది హలీమా దుప్పటి అవతలినించి.

"లేదు."

"ఏమే, రేపు టాక్సీ ఎక్కి చెయ్యి ఊపుతూ చెప్తావా?"

"సాయంత్రం చెప్తా."

"నిన్నా ఇదే కూశావు. నేనే ఫోన్ చేస్తా చూడు. 'నెవిల్ గారూ, మీ చెల్లెలు లేచిపోతోందండీ. ఎవరితోననుకున్నారు? సముద్రంతో!' అని."

మార్లీన్ నవ్వింది. నవ్వడానికి కూడా నడుం నొప్పి పెట్టింది.

"యాలకులు తెచ్చా," అంది హలీమా జేబు తడుముకుంటూ. "మా అత్తకి మాత్రం చెప్పకు. టీలో ఐసు వేసుకునే మనిషికి ఇచ్చానంటే తన దుకాణం మెట్టు ఎక్కనివ్వదు. మీవాళ్ళు తిడతారు, మావాళ్ళూ తిడతారు. ఎవరి టీయే నీది?"

"నాదే," అంది మార్లీన్.

'నాది' అని ఆమె అనగలిగేది అదొక్కటే. లీడ్స్‌లో టోపీల దుకాణంలో పనిచేస్తూ, రాయ్ అనే అచ్చు ప్రెస్సు పనివాడితో పెళ్ళి మాట అనుకున్న రోజుల్లో అమ్మకి జబ్బు చేసింది. నాలుగు రోజులు చూసి పోదామని వచ్చింది. జబ్బు ఏళ్ళకేళ్ళు సాగింది. రాయ్ ఆగినంత కాలం ఆగాడు. అమ్మ పోయాక నాన్న మంచమెక్కాడు. నాన్న పోయిన ఏడే పెళ్ళాం వదిలేసిన నెవిల్ ఒక సంచీతో వచ్చి, తనూ నాలుగు రోజులే అన్నాడు. ఆ ఇంట్లో నాలుగు రోజులు అంత పొడుగు.

పని దిగే వేళ ఆమెకి వీడ్కోలు కేకు కోశారు. ఎండకి పైన పూసిన క్రీము కారి, ఆమె పేరు అట్టముక్క మీదికి జారిపోయింది. ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. ఆఖరి దుప్పటి మడతపెట్టి తన కొస తెచ్చి మార్లీన్ చేతికిస్తూ హలీమా ఆ చేతుల్ని కాసేపు వదల్లేదు. "పొద్దున్న మా ఆయన టాక్సీ తెస్తాడు. వాగుడుకాయ. చెవుల్లో దూది పెట్టుకో," అంది.

ఇంటికి చేరేసరికి మార్లీన్ పాదాలు బూట్లలో ఉడికిన దుంపల్లా ఉన్నాయి. ఒక్క గ్లాసు తాగి, చెప్పేసి, పడుకోవాలి. గుమ్మంలోకి రాగానే లవంగాల వాసన కొట్టింది. వేడి వాసన.

నెవిల్ బల్ల ముందు కూర్చుని కంచం ఊడ్చేస్తున్నాడు. బంగాళాదుంపల చుట్టూ నల్లటి నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. సింకులో ఖాళీ జాడీ.

"నెవిల్, ఆ గ్రేవీ ఎక్కడిది?"

"ఫ్రిజ్‌లో నువ్వు పెట్టిందేగా. వేడి చేసుకుని పోసుకున్నా. ఆమాత్రం చేతకాదనుకున్నావా?"

పొద్దున్న మరిచిపోయినదేమిటో ఇప్పుడు తట్టింది. దుంపల మీద పోసుకునే ఆ నల్లటి పులుసు, గ్రేవీ, చెయ్యలేదు.

"అది నా టీ, నెవిల్."

అతను నమలడం ఆపాడు. కంచం వంక చూశాడు. మళ్ళీ నమిలి మింగాడు. "మిరియాలు కాస్త దిట్టంగా పడ్డాయనుకున్నా."

"తియ్యగా లేదూ?"

"ఉల్లిపాయలు వేయించి వేశావనుకున్నా."

"నోట్లో పెట్టగానే తెలియలేదా? ఎందుకు తిన్నావు?"

"ఎందుకేంటి పిల్లా, పొద్దస్తమానం ఆ ఆవిర్లో మాడి వస్తావు. బాగాలేదని ఏ మొహం పెట్టుకుని అంటాను? నీ లివర్ కూర తిన్నాన్నేను ఇన్నేళ్ళూ. ఇదెంత!"

మార్లీన్‌కి నవ్వొచ్చింది. నవ్వు ఆగక, బల్ల అంచు పట్టుకుని కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక అది నవ్వులా లేదు. టీకీ గ్రేవీకీ తేడా తెలియని మనిషిని ఎవరి మీద వదిలి పోవాలి? పైకి వెళ్ళి పెట్టె విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టుకోవడం ఎంతసేపు పని? చేతులు ఆ పనికి సిద్ధంగానే ఉన్నాయి. వాటికి మడతలు అలవాటే. కానీ ఇంత కాలం అతనూ మింగుతూనే ఉన్నాడు, తనూ మింగుతూనే ఉంది. ఇవాళ కూడా మింగితే ఇక రేపంటూ లేదు.

"రేపు పొద్దున్న వెళ్ళిపోతున్నా, నెవిల్. ఫైలీకి. అక్కడ పని దొరికింది. గదీ ఇస్తారు."

"ఎన్నాళ్ళకి?"

"అక్కడే ఉంటా."

నెవిల్ ఫోర్కు కంచం పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి కంచంలో పెట్టాడు. బయట ఎవరో పిల్లల్ని ఇంట్లోకి పిలుస్తున్నారు.

"ఆ రోడ్డు మీద నేను బస్సు నడిపినవాణ్ణే," అన్నాడు చివరికి. "మాల్టన్ దగ్గర బళ్ళు ఆగిపోతాయి. పెందలాడే బయల్దేరాలి."

"పెందలాడే."

"ఊఁ." ఫోర్కుతో కంచం అంచు గీకాడు. "గ్రేవీ ఎలా చేస్తారు?"

"పొయ్యి పక్క అలమరలో డబ్బా ఉంది. పొడి వేసి, సలసలా కాగే నీళ్ళు పోసి కలపడమే."

"అంతేనా?"

"అంతే."

"ఇన్నేళ్ళూ అదా నాకు పోసింది! నేనింకా పొయ్యి దగ్గర గంటలు గంటలు నిలబడతావనుకున్నా," అని ముక్కుతో నవ్వి, కంచం తీసుకుని సింకు దగ్గరికి తనే వెళ్ళాడు. కడగడం రాలేదు. నీళ్ళు నేలంతా చిమ్మాయి. మార్లీన్ లేవలేదు. ఒంట్లో లేచే ఓపిక లేక కొంత, లేవకూడదని కొంత.

మర్నాడు పెట్టె పట్టుకుని దిగేసరికి వంటిల్లు ఖాళీగా ఉంది. పెరటి తలుపు తెరిచి ఉంది. నెవిల్ ఆ ఎండలో గోడ వైపు తిరిగి, చూడ్డానికేమీ లేని పూలకుండీని చూస్తూ నిలబడ్డాడు. బల్ల మీద అతని బీరు తాగే పిడి గ్లాసు. అందులో అంచుదాకా ఐసు, పాలు, గోధుమరంగు నీళ్ళు. యాలకులూ దాల్చినచెక్కా ఆమె పెట్టెలో ఉన్నాయి. మసాలా కోసం అతను అల్లం బిస్కెట్లు చిదిమి వేశాడు. పొట్లాం పక్కనే పడుంది. పైన మిరియాల పొడి ధారాళంగా తేలుతోంది.

వీధిలో హారన్ మోగింది. మార్లీన్ నిలబడే గ్లాసు ఎత్తింది. మిరియాలకి కళ్ళు చెమ్మగిల్లాయి, నానిన బిస్కెట్ అంగిలికి అంటుకుంది. ఆపకుండా తాగింది. పెరట్లోంచి నెవిల్ వచ్చి, ఆమె వంక చూడకుండా, పెట్టె ఎత్తి కారులో పెట్టాడు.

"మాల్టన్ ముందే పక్కదారి పట్టమను," అన్నాడు డ్రైవరుతో కాదు, ఆమెతో.

"చెప్తాలే. లోపలికి పో, ఎండ."

కారు వీధి మలుపు తిరిగింది. వంటింటి బల్ల మీద బీరు గ్లాసు, అడుగున బిస్కెట్ ముద్ద, దాని మీద ఇంకా కరగని ఒక ఐసు ముక్క.